కదలని అంకె

అమెరికాలో, ప్లేనోలో మా అమ్మాయి సుధకి అప్పుడు ఒక ఆసుపత్రి కంప్యూటర్లు చూసుకునే కొత్త ఉద్యోగం; నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. ఓరోజు ఆసుపత్రి సర్వర్ మొరాయించింది. తరచూ అడిగే వివరాలను సర్వర్ మెమరీలో చేతికందేలా పెట్టుకుంటుందట. అడిగినవాటిలో వందకి ఎన్ని అలా అందుతున్నాయో పక్కనున్న నల్లటి స్క్రీన్ మీద ఒక అంకె చెబుతుంది.

"అమ్మా, నేను ఈ ల్యాప్‌టాప్‌లో టైప్ చేస్తుంటా. నువ్వు ఆ నంబర్ చదువుతూ ఉండు."

తొంభై, ఎనభై ఆరు, డెబ్భై తొమ్మిది... డెబ్భై ఒకటి దగ్గర ఆగింది.

"హమ్మయ్య, ఇక తగ్గట్లేదే!"

"పెరుగుతోందా?"

"లేదు, కదలకుండా ఉంది."

సుధ ఆ స్క్రీన్ వైపు వంగింది. "అయ్యో, అస్సలు కదలట్లేదంటే సర్వర్ హ్యాంగ్ అయిందమ్మా! అక్కడ నర్సులకి మందుల వివరాలు రావు!" అంటూ ఫోన్ అందుకుంది.

సర్వర్ మళ్ళీ లేచేదాకా నేనూ కుర్చీలోంచి లేవలేదు. అంకె మళ్ళీ కింది నుంచి మొదలై నలభై, నలభై మూడు అని కదిలాకే ఇద్దరం ఊపిరి పీల్చుకున్నాం.

ఇప్పుడు మనవడు గదిలో చప్పుడు చేయకపోతే బుద్ధిగా ఉన్నాడనుకోను. ముందు వెళ్ళి చూస్తాను.