నునుపు పెంకులు, తాడు గుర్తుల పెంకులు

పురావస్తు శాఖలో టెక్నికల్ అసిస్టెంటుగా చేరిన రెండో ఏడు వానాకాలానికి నన్ను యానాం వేశారు. మన్యంలో ఒక కొండవాగు పరీవాహకంలో జరుగుతున్న తవ్వకాన్ని వర్షాలకి ఆపేసి, ఇంకా ఇనుము తెలియని నవీన శిలాయుగం నాటి కుండపెంకుల్ని గోనెసంచుల్లో ఇక్కడికి దింపారు. గోదారి గట్టున అద్దెకి తీసుకున్న గోడౌనే మా ఆఫీసు. పెంకులు కడగడం, ఏ గుంటలో ఏ పొరలో దొరికిందో ప్రతిదాని మీదా సిరాతో రాయడం, రకాలుగా విడదీయడం నా పని. ఆ ఏటిగాలి, తడిసిన పెంకుల మట్టి వాసన తలుచుకుంటే ఇప్పటికీ మనసు అక్కడికే పోతుంది.

మొదటి రోజే నున్నటి పెంకులు ఒకవైపు, తాడు గుర్తులున్నవి ఇంకోవైపు పోశాను. నా అంత శుభ్రంగా ఎవరూ చేయలేరని గర్వం కూడా. ఆ రెండు కుప్పలూ చూసే మా అధికారి మూర్తిగారు, ఆ లోయలో రెండు వేర్వేరు జాతులు బతికాయని నివేదిక రాశారు. అచ్చుకి పంపడానికి వారమే ఉంది.

అప్పుడు మెట్టకూరు నుంచి కుమ్మరి వెంకాయమ్మ మాకు మంచినీళ్ల కుండ తెచ్చింది. ఈ ముక్కలెవరివని అడిగితే, రెండు జాతుల వాళ్లవని పెద్ద పండితుడిలా చెప్పాను. ఆవిడ రెండు కుప్పల్లోంచీ ఒక్కో ముక్క తీసి, మందం వేలితో తడిమింది.

"రెండు జాతులేంటండీ బాబుగారూ, ఒకే కుండలా ఉందండి. మెడ తడిచేత్తో నిమిరేరు, నున్నగా వచ్చింది. అడుగు తాడు చుట్టిన చెక్కతో కొట్టేరు. అలాగైతే మట్టి చెక్కకి అంటుకోదండి."

ఆవిడ వెళ్లగానే పని మొదలుపెట్టాను. మూడు రోజులు కుప్పలు రెండూ కలిపి అతుకులు వెతికాను. నాలుగు చోట్ల నున్నటి మెడ, గుర్తులున్న అడుగు అంచుకి అంచు సరిపోయాయి.

నేనింకా ప్రొబేషన్‌లో ఉన్నాను. ఉద్యోగం ఖాయం చేసే కాగితం మీద సంతకం మూర్తిగారిదే. నిజం చెప్పొద్దూ, నోరు మూసుకుందామనే ఒక పూటంతా అనుకున్నాను. చివరికి అతికించిన ముక్కలు ఆయన బల్ల మీద పెట్టి, విడదీసింది నేనే, పొరపాటు నాదేనన్నాను.

ఆయన అతుకులు ఒక్కొక్కటీ వెలుతురుకి తిప్పి చూశారు. నివేదికలో ఆ రెండు జాతుల అధ్యాయమే, రెండేళ్ల తవ్వకం మీద ఆయన తేల్చిన ముఖ్యమైన మాట. పెన్ను తీసి మొత్తం కొట్టేశారు.

"తప్పు చేశావనీ రాస్తాను, దిద్దావనీ రాస్తాను" అన్నారు.

నా సర్వీసు రికార్డులో రెండూ రాశారు. వెంకాయమ్మ పేరు నివేదికలో వేశారు, నా ప్రొబేషన్ ఇంకో ఏడాది పొడిగించారు. అప్పుడు ఒళ్లు మండింది గానీ, ఆయన చేసింది న్యాయమే.

రిటైరయ్యేదాకా నా కింద చేరిన ప్రతి అసిస్టెంటుకీ మొదటి రోజు ఒకటే చెప్పాను: ముందు అతుకు వెతకండి, రకం పేరు తరవాత పెట్టొచ్చు.