ఆయన వాటా గోలీలు

నిన్న పొద్దున ఆఫీస్‌కి బయల్దేరుతుంటే మా జీపు డ్రైవర్ ఫోన్. "మేడమ్, సుగుణక్క పోయింది. గుండె ఆగిందంట."

అర్థం కాలేదు. మొన్ననే బూర్గంపాడులో కలిసి టీ తాగాం.

సుగుణక్క ఏఎన్ఎం, ఊరూరా తిరిగే నర్సు. నేను సోషల్ వర్క్‌లో పీజీ చేసిన హెల్త్ కౌన్సెలర్‌ని.

పన్నెండేళ్లు ఒకే జీపులో తిరిగాం.

పన్నెండేళ్లూ ఆమెను చూసి కుళ్లుకున్నాను.

నా పోస్టర్ మీద "లైంగిక వ్యాధులు" అని పెద్ద అక్షరాలు. గూడేల్లో ఆడవాళ్లు మొహం తిప్పుకునేవారు. ఆమె వాళ్ల మంచం మీదే కూర్చుని, "తెల్లబట్ట అయితుందా? మంటనా? వేడి చేసిందని సబ్జా నీళ్లు తాగి ఊకోకుండ్రి" అనేది.

అంతే. ఒక్కొక్కరే ఆమె చెవి దగ్గరికి వచ్చేవారు. నా దగ్గరికి ఎవరూ రాలేదు.

మందు భార్యాభర్తలిద్దరూ వేసుకోవాలని నా పోస్టర్ మీదే ఉంది. లేకపోతే మళ్లీ అంటుకుంటుంది. మొగుడికి చెప్పలేక ఆయన వాటా కూడా తామే మింగే ఆడవాళ్లు ఎందరో. సుగుణక్క మొహం చూసి పట్టేసేది.

మూడేళ్ల కింద ఆ మంట నాకూ వచ్చింది.

డాక్టర్ ఇద్దరికీ రాసింది. ఇద్దరివీ నేనే మింగాను.

మంట మళ్లీ వచ్చాక సుగుణక్కకు చెప్పాను.

"మీ ఆయన గోలీలు గూడ నువ్వే మింగినవా మేడమ్? పోస్టర్ రాసింది నువ్వే గద!"

నవ్వింది. నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు మా ఇంటికొచ్చి మా ఆయనను కూర్చోబెట్టింది. "అన్నా, తిట్టనీకి రాలే. గోలీలు ఏసుకో. ఇద్దరు రక్త పరీక్ష చేపిచ్చుకోండ్రి. నయమయ్యేదాక దూరముండ్రి. బయట సంగతులుంటే కండోమ్ మర్చిపోకు."

ఆయన ఆమె ముందే మింగాడు. నాకు ఎప్పుడూ చెప్పని సంగతి ఆమెకు చెప్పాడు. తలుపు పక్కన నీళ్ల గ్లాసుతో నిలబడి విన్నాను.

జబ్బు తగ్గింది. ఈ కుళ్లు తగ్గలేదు.

నిన్న సాయంత్రం చర్చిలో ఆమె పెట్టె చుట్టూ గూడేల ఆడవాళ్లే. ఒకామె నా చెయ్యి పట్టుకుంది. "ఇగ మేం ఎవరికి చెప్పుకోవాలె మేడమ్?"

"నాకు చెప్పు" అనడానికి నోరు రాలేదు. నా సంగతే దాచుకున్న నాకు వాళ్లెందుకు చెబుతారు?

అందుకే ముందు నేను చెబుతున్నాను. ఇది మా ఆయనకు చూపించాకే ఇక్కడ పోస్ట్ చేస్తున్నాను.

వెళ్లిరా అక్కా. నీ ప్రభువు దగ్గరైనా కాస్త కాళ్లు చాపుకుని హాయిగా ఉండు.