కుర్చీల కడుపులోది

ఒకరు కూర్చున్న మెత్త మీద ఇంకొకరు కూర్చోవడమంటే మా ఆవిడకు ఒకరు నమిలింది ఇంకొకరు తిన్నట్టే. మా పెళ్లయ్యాక ఇంట్లోకి వాడిన సామాను ఒక్కటీ రాలేదు. అలాంటి ఇంటికని నేను గవర్నర్‌పేటలో మూతపడ్డ లాడ్జి నుంచి చేతుల కుర్చీలు రెండు కొన్నాను. అరవై ఏళ్ల నాటి టేకు. సన్నగా ఏటవాలుగా దిగిన కాళ్లు, వెనక్కి వాలిన వీపు, మోచెయ్యి ఆనిస్తే జారిపోయేంత నున్నటి చేతులు. వదిలి రాలేకపోయాను.

లాడ్జి అంటే గేటు దాటనివ్వదు. అందుకని ఒక జడ్జిగారిని పుట్టించాను. రిటైరై మైలవరంలో ఉండేవారనీ, బ్రహ్మచారనీ, రోజుకు మూడుసార్లు స్నానం చేసేవారనీ, తుమ్ము వస్తే వీధిలోకెళ్లి తుమ్మి వచ్చేవారనీ చెప్పాను. చెబుతుంటే నాకే ఆయన మీద గౌరవం కలిగింది.

"అంత శుభ్రమైన మనిషి కుర్చీలైతే సరే," అంది. "కానీ మెత్తలు మొత్తం కొత్తవి వేయించండి. లోపల పాత పీచు ఒక్కటున్నా కుర్చీలు వీధిలో ఉంటాయి."

సోఫాల పని చేసే సాయిబుగారికి అప్పజెప్పాను. పది రోజులకు ట్రాలీ ఆటోలో తెచ్చి వరండాలో దించారు. చెక్కకు పాలిష్, సీటుకు ఆవపువ్వు రంగు ముతక నూలుబట్ట. మా ఆవిడ మొహం విప్పారింది. ఇంతలో సాయిబుగారు ఆటోలోంచి ఒక గోనెసంచి కూడా దించారు.

"ఇదేంటండీ?" అన్నాను.

"పాత సరుకండీ. పైన బట్ట మార్చి లోపల పాతదే కుక్కేశారంటారు జనం. అందుకని మా నాన్నగారప్పట్నుంచీ, తీసింది తీసినట్టు ఇంటోళ్ల ముందు పోసి చూపిస్తాం."

"మీ మీద నాకు నమ్మకముందండీ. తీసుకెళ్లిపోండి."

"మీకుంటే సరిపోద్దా? కూర్చునేది అమ్మగారు కూడా కదా," అంటూ గుమ్మరించేశారు.

ముందు వాసన వచ్చింది. తడిసి, ఆరి, మళ్లీ తడిసిన గుడ్డల వాసన. అందులో పాత తలనూనె, ఎలుకల ఉచ్చ. నల్లబడ్డ కొబ్బరిపీచు ముద్దలు ముద్దలుగా పడింది. పీచుకు చిక్కుకుని బీడీ ముక్కలు, నమిలి ఉమ్మిన వక్క, పసుపు తిరిగిన కాలిగోళ్లు. ఇక జుట్టు. నెరిసింది, ఉంగరాలది, గోరింటాకుతో ఎర్రబడింది, మూరెడు పొడవుది, ఎంతమందిదో అంతా కలిసి ఉండచుట్టుకుంది. ఆ ఉండలో ఒక ఎలుకపిల్ల ఎండి అప్పడమైంది. అది నన్ను చూసి నవ్విందంటే మీరు నమ్మరు. చివరగా ఒక ఇత్తడి బిళ్ల ఖంగుమని పడింది. దాని మీద లాడ్జి పేరు, గది నంబరు.

మా ఆవిడ చీర చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వంగి చూసింది.

"మీ జడ్జిగారు తలకు గోరింటాకు పెట్టుకునేవారా?"

"ఒంటికి చలవ," అన్నాను.

"మరి బీడీలు?"

"ముద్దాయిలవి. సాక్ష్యానికి దాచి ఉంటారు."

"జడ్జెవరండీ?" అన్నారు సాయిబుగారు. "లాడ్జి కుర్చీలని చెప్పారుగా నాకు!"

కుర్చీలు వీధిలోకి పోయినట్టే అనుకున్నాను. ఆవిడ మాత్రం నన్ను వదిలేసి ఆయన్ను అడిగింది.

"ఇందులో ఒక్క పీచన్నా లోపల మిగిలిందా?"

"అంతా మీ కళ్ల ముందే ఉంది కదమ్మా. చెక్క ఒక్కటే పాతది. దాన్నీ గీకి, ఎండబెట్టి, పాలిష్ కొట్టాను."

"నిజం చెప్పే మగమనిషి ఒకరు దొరికారు ఇన్నాళ్లకి," అని, ఒక కుర్చీని హాల్లోకి, ఫ్యాను కిందికి లాగించుకుని కూర్చుంది. వెనక్కి వాలి కళ్లు మూసుకుంది. "హాయిగా ఉందండీ. రెండోదీ తెచ్చుకుని కూర్చోండి."

ఆ పసుపు బట్ట కింద కొత్త ఫోమ్ ఉందని నాకూ తెలుసు. అయినా దగ్గరికి వెళ్లగానే ఆ జుట్టుండ గుర్తొచ్చి ఒక అడుగు వెనక్కి వేశాను. ఆ కుప్పను చీపురుతో ఎత్తింది నేనే మరి. మూడుసార్లు సబ్బుతో కడిగినా అన్నం కలపబోతే వేళ్లకు అదే వాసన.

"నడుం పట్టేసింది. నిలబడితేనే బాగుంది," అన్నాను.

పదిహేను రోజులుగా కాఫీ, పేపరు, టీవీ అన్నీ నిలబడే. నిన్న ఆవిడ ఎముకల డాక్టరుకు ఫోన్ చేసింది. రేపు పదిన్నరకు నా నడుముకు ఎక్స్‌రే.