లంకలో నేను కొరికిన మామిడికాయ

చెట్టు నిండా మామిడికాయలుండగా ఉత్త ఉప్పుతో జావ తాగమంటే మీరు తాగుతారా? కాయ మీదికి చెయ్యి పోదా? నాది పోయింది!

నిగ్రహం గురించి వాక్యం చెప్పాలని ఈ ఉదయం పడవెక్కి గోదావరి నడుమ లంకకు వెళ్లాను. లంకలో జాతర జరిగే రోజులు కావు కనుక పడవలో నేనూ, పడవవాడూ, సంచిలో నా గ్రంథం, అంతే. అక్కడున్నవి నాలుగు కోయ కుటుంబాలు. పిల్లలు మామిడిచెట్టు కిందే కూర్చుని జావ తాగుతున్నారు. రాలిన కాయ ఒకటి తీసి కొరికానో లేదో, ముత్తవ్వ అనే ముసలమ్మ గుడిసెలోంచి కేక వేసింది.

"ఏంది అయ్యగారూ, గట్ల కొరికినవ్! కొత్తల పండుగ ఇంకా కాలే. పోయిన పెద్దలకు తొలికాయ పెట్టకముందు మా పసిపోరగాళ్లు గూడ ముట్టరు."

"తెలియదమ్మా! మా గ్రంథంలోనూ తొలిపంట దేవుడిదనే ఉంది. చూపిస్తానుండు."

"అవ్, సూపియ్యి. ముందుగాల ఆ చెయ్యి కడుక్కో!"

పిల్లలు పకపకా నవ్వారు. పన్నెండేళ్లుగా మందిరంలో తొలిపంట గురించి గొంతు చించుకుంటున్నాను, కానీ నా పెరటి కాయ ఒక్కటీ ఎవరికీ ఇవ్వలేదు. నేను చెప్పబోయింది వాళ్లు ఆకలితో ఉండి కూడా పాటిస్తున్నారు. ఇలాంటి మనుషులు మన గోదావరి నడుమ ఉన్నారని నా గుండె పొంగింది. వాక్యం చెప్పకుండానే ముత్తవ్వకు దండం పెట్టి తిరిగొచ్చాను.

ఇంటికి రాగానే ఈ ఏటి తొలికాయలు కోసి, పొయ్యి వెలగని ఇంటికి పంపాను. మీ పెరట్లో ఏం కాసింది? మందిరం బోర్డు మీద ఇది చదువుతూ నిలబడకండి. ఇంటికి నడవండి, మీరు రుచి చూడకముందే, ఈ పూటే ఇచ్చి రండి!