బంతి పోయాక చూసే మావయ్య

మలేషియాలో మా ఊరు క్లాంగ్‌లో కాలేజీ ఫుట్‌బాల్ ఆటలు ఎక్కడ జరిగినా మా మావయ్య వచ్చేవాడు. ప్రొఫెషనల్ క్లబ్బుకు పనికొచ్చే కుర్రాళ్లను ఎంచడం ఆయన పని. ఎవరైనా గోల్ కొడితే, చేతిలోని 'తే తారిక్' నురగ టీ గ్లాసులోకి చూస్తూ కూర్చునేవాడు. ఎవరైనా బంతి పోగొట్టుకుంటే అప్పుడు తలెత్తేవాడు.

మా కాలేజీ చివరి ఆటలో రెండు గోల్సూ నా పాసుల మీదే వచ్చాయి. ఒక్క పాసు మాత్రం అవతలివాడికి పోయింది.

"ఎలగాడినాను మావా?" అన్నాను.

"బాగానే ఆడినావు," అన్నాడు, మలయ్‌వాళ్లలా మాట చివర 'లా' తగిలిస్తూ. "బంతి పోయినాక దానెనక పరిగెట్టాలి లా. నువ్వు నా మొహం సూసినావేటి?"

నన్ను ఎంచలేదు. చాన్నాళ్లు ఆయనమీద మండిపడ్డాను.

మావయ్య ఇప్పుడు లేడు. ఆఫీసులో ఏదైనా చెడగొట్టినప్పుడు ఇప్పటికీ ముందు తలెత్తి ఆయన మొహం కోసం చూస్తాను. ఆ తరవాతే పరిగెడతాను.