ఊపిరి బిగబట్టిన గురువుగారు

మా వారు యజ్ఞనారాయణగారికి ఎవరేమడిగినా లేదనడం చేతకాదు. వేదపాఠశాలలో ముప్పయ్యేళ్లు పిల్లలచేత వల్లె వేయించి, మురమళ్ళలో ఇంటిపట్టున ఉన్న మనిషిని, రెండువేల ఎనిమిదిలో అమలాపురం డాక్టరు వెంకటకృష్ణ వచ్చి ఛాతీ అరువడిగాడు. అల్ట్రాసౌండుతో ఊపిరితిత్తుల జబ్బులు పోల్చుకోవడం కుర్ర డాక్టర్లకు నేర్పాలట. ముందు జబ్బులేని ఊపిరితిత్తి చూపించాలట.

"మరి నాది ఉంది కదండీ!" అన్నారు ఈయన.

"అది కడుపులో బిడ్డని చూసే మిషనండీ! డెబ్బయ్యేళ్లకి మీకు పుట్టేదెవరూ?" అన్నాను. నవ్వేసి ఉత్తరీయం సవరించుకున్నారు.

ఆదివారాలు బస్సులో నేనూ తోడు వెళ్లేదాన్ని. పరదాలు దించిన గదిలో పొద్దెంతయిందో తెలిసేది కాదు. ఆయన పక్కటెముకల మీద జెల్లీ రాసి పరికరం ఆనిస్తే తెరమీద ఒక తెల్లగీత వెలిగేది.

"అది ఊపిరితిత్తి పైపొరండీ. ఊపిరి తీసినప్పుడల్లా జారుతుంది. జారడం ఆగితే, చుట్టూ గాలి చేరిందేమోనని అనుమానించాలి," అనేవాడు వెంకటకృష్ణ. చుట్టూ నిలబడ్డ కుర్ర డాక్టర్లంతా "ఆయ్" అని తలలూపేవారు.

నాకా పాఠం ఎక్కేది కాదు. పొద్దుటెండలో కాలువ నీళ్లలా ఆ గీత అటూ ఇటూ మెరుస్తుంటే, అలా చూస్తూ ఉండిపోయేదాన్ని. యాభయ్యేళ్లు ఆ ఊపిరి పక్కనే పడుకున్నాను. నాకు తెలిసిందల్లా గురక.

ఓ వానాకాలం ఆయన వీధిమెట్ల మీద జారిపడ్డారు. ఊపిరి తీస్తే పక్కటెముకల్లో పోటు. ఆస్పత్రికి తీసుకెళ్తే, ఆ పాఠాలు నేర్చుకున్న శ్రీకళ ఒక్కతే డ్యూటీలో ఉంది. పరికరం ఆనించింది. గీత కదల్లేదు. మరోచోట ఆనించింది. అక్కడా అంతే.

"మామ్మగారూ, గాలి చేరినట్టుందండీ. ఛాతీలోకి గొట్టం వెయ్యాలండీ," అంది. నర్సు సామాను కోసం పరుగెత్తింది.

నా పైప్రాణాలు పైనే పోయాయి. "ఏవండీ! నన్నిలా వదిలేసి పోతారా!" అంటూ ఆయన భుజం పట్టుకుని కుదిపేశాను.

ఆయన గభాలున ఊపిరి వదిలారు. గీత జారింది.

"ఉండవే అచ్చయమ్మా! గీత ఆగితే ఎలా ఉంటుందో పిల్లలకి చూపించాలని, డాక్టరుగారు ప్రతివారం బిగబట్టమనేవారు. ఈ అమ్మాయికీ పాఠమే కదా అని..."

శ్రీకళ స్టూలు మీద కూలబడింది. "తెరకేసే చూసేనండీ తాతగారూ, మీకేసి చూళ్లేదు," అంటూ కళ్లు తుడుచుకుంది. ఆనక రెండువైపులా నిదానంగా చూసి, ఊపిరితిత్తికి భయం లేదంది.

"ఇంక మిషను తీసెయ్యనాండీ?" అంది.

"ఇంకాసేపు ఉంచమ్మా," అన్నాను. ఉంచింది.

పెళ్లయిన నాటినుంచీ ఆయనకంటే ముందు, పసుపుకుంకాలతో పోవాలని రోజూ దీపం దగ్గర అడిగేదాన్ని. ఆ సాయంత్రం దీపం పెట్టి, ఆ కోరిక వెనక్కి తీసుకున్నాను. నేను ముందు పోతే ఈ వెర్రిబాగులాయన్ని ఊపిరి పీల్చమని కసిరేదెవరు?