నిలిచిపోయిన ఓడ కోసం ఖరగ్‌పూర్‌కు

మా తాతగారి ఆఖరి ఓడ ఎందుకు నిలిచిపోయిందో చూపిస్తాను రమ్మని, ఖరగ్‌పూర్‌లో పాఠాలు చెప్పే మా బావ కబురు పెట్టాడు. కళింగపట్నం నుంచి కలకత్తాకు బియ్యం వేసుకుపోయిన ఆ ఓడ, గంగ సముద్రంలో కలిసే మొగలో, తెరచాపల నిండా గాలి ఉండి కూడా కదలలేదు. బియ్యం ముక్కిపోయింది, మా వ్యాపారం మునిగింది. ఓడ నడిపిన తండేలు సూరయ్య తాగి పడుకున్నాడని తాతగారు తీర్మానించారు. ప్రయాణానికి ముందు యజమాని తన జరీ ఉత్తరీయాన్ని తండేలు తలకు చుట్టడం మా రేవు ఆచారం. తాతగారు దాన్ని సూరయ్య తల మీంచి అందరి ముందూ ఊడబెరికారు. ఇప్పుడది నా భుజాన ఉంది. మిగిలిన ఆస్తి అదే.

మధ్యాహ్నం మెయిలు బండెక్కాను, మూడో తరగతిలో. పలాసలో ఎక్కిన ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపు మేస్త్రి, వెనక చెక్కకు ఆనకుండా నిటారుగా కూర్చున్న నన్ను చూసి నవ్వాడు. “ఆనుకోండి బాబూ, ఆ సెక్కకీ కలిపే టిక్కెట్టు కొన్నారు కదా!” నేను ఆనుకోలేదు. సాయంత్రం చిలకా సరస్సు నిద్రలో ఉన్నట్టు కిటికీ పక్కన సాగింది.

తెల్లవారి దిగి, మట్టి పిడతలో టీ తాగి, రిక్షాలో బావ కాలేజీకి చేరాను. పొడవాటి గాజుతొట్టి. అడుగున నీలిరంగు కలిపిన ఉప్పునీరు, పైన మంచినీరు. బావ చెక్కపడవను లాగే దారానికి బరువు కట్టి వదిలాడు. పడవ కొంత సాగి, ఏదో గుర్తొచ్చినట్టు నెమ్మదించింది. పైన నీళ్లు అద్దంలా ఉన్నాయి. రెండు నీళ్లూ ఆనుకున్న చోట మాత్రం నీలి కొండలు లేచి, చప్పుడు లేకుండా, పడవ వెంటే నడిచాయి.

“బలమంతా ఆ అలను లేపడానికే పోతోందోయ్. పైనున్నవాడికి కనపడదు. వరదనీరు ఉప్పునీటి మీద పరుచుకున్న మొగల్లో ఇంతే” అన్నాడు బావ.

సూరయ్య కూతురు నరసమ్మ, వర్క్‌షాపులో పనిచేసే కొడుకు దగ్గర న్యూ సెటిల్‌మెంట్ అనే రైల్వే కాలనీలో ఉంటోంది. అటు వెళ్లేవారికి రిక్షా కంటే నడక మేలు. ఆ నీలి కొండలు నా కాళ్ల కింద కదులుతూనే ఉన్నాయి.

అంతా విని ఆమె చేతిలో చాట దించింది. “మా అయ్య సెప్తే తాగినాడన్నారు. గాజుతొట్టి సెప్తే నమ్మినారేటి?”

ఉత్తరీయం తీసి, “మీ అబ్బాయి తలకు చుడతాను” అన్నాను.

“ఆడికెందుకు? ఆడికి ఇంజన్లే తెలుసు. ఊడబెరికిననాడు అయ్య సెయ్యి పట్టుకున్నది నేను. నాకు సుట్టండి.”

నెరిసిన తలకు చుట్టాను. పక్కింటి ఆడవాళ్లు నవ్వారు. నరసమ్మ నవ్వలేదు. గడప మీద నిలబడి గాలి ఎటుందో చూసింది.

“ఇంక బయల్దేరండి బాబూ.”

సాయంత్రం బండిలో ఖాళీ భుజానికి చలేసింది. చక్రాల కింద నేల పొరలు పొరలుగా ఊగుతున్నట్టుంది. బండి మాత్రం కదులుతోంది. వెనక్కి ఆనుకుని కళ్లు మూసుకున్నాను.